భానుమతీ రామకృష్ణ: నటనకు ఆవలి కర్తృత్వం

ఉపోద్ఘాతం

తెలుగు సినిమా చరిత్రలో భానుమతీ రామకృష్ణ ప్రస్తావన రాగానే ఆమె ఆత్మాభిమానం గురించిన ముచ్చట్లే ముందుకు వస్తాయి. ఆ కథనాల చాటున ఆమె చేసిన పని మరుగున పడుతుంది. ఆమె స్వతంత్రతకు స్వభావం ఒక్కటే కారణం కాదనీ, గళం, నిర్మాణం, దర్శకత్వం, రచన అనే నాలుగు ఆధారాలపై అది నిలిచిందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

గళం

ఒంగోలు సమీపంలోని దొడ్డవరంలో, సంగీతాభిరుచి గల కుటుంబంలో భానుమతి జన్మించారు. కాళ్ళకూరి నారాయణరావు నాటకం ఆధారంగా సి. పుల్లయ్య దర్శకత్వంలో 1939లో వచ్చిన ‘వరవిక్రయం’లో కాళింది పాత్రతో సినీరంగ ప్రవేశం చేశారు. 1943లో పి.ఎస్. రామకృష్ణారావుతో వివాహమైంది. 1945 నాటి బి.ఎన్. రెడ్డి చిత్రం ‘స్వర్గసీమ’ ఆమెను అగ్రశ్రేణి తారగా నిలిపింది.

నేపథ్యగానం స్థిరపడిన కొద్దీ తెరమీది ముఖం ఒకరిది, వినిపించే గొంతు మరొకరిది కావడం పరిపాటి అయింది. ఆ దశలోనూ భానుమతి తన పాటలు తానే పాడుకున్నారు. ‘మల్లీశ్వరి’ (1951)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం, సాలూరి రాజేశ్వరరావు సంగీతం ఆమె గళంలోనే ఆమె పాత్రకు ప్రాణం పోశాయి. నటిగా ఆమెను తీసుకున్న నిర్మాతకు గాయని కూడా లభించేది.

నిర్మాణం, దర్శకత్వం

భర్తతో కలిసి స్థాపించిన భరణీ సంస్థ ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’ (1949), ‘విప్రనారాయణ’ (1954) వంటి చిత్రాలను అందించింది. మద్రాసులో భరణీ స్టూడియో వెలిసింది. తెలుగు, తమిళ, హిందీ భాషల్లో 1953లో వచ్చిన ‘చండీరాణి’కి ఆమే దర్శకత్వం వహించారు. తెలుగు సినిమాకు తొలి మహిళా దర్శకురాలిగా ఆమె గుర్తింపు పొందారు.

‘మిస్సమ్మ’ (1955) ఉదంతాన్ని ఈ నేపథ్యంలో చదవాలి. మొదట కథానాయికగా ఎంపికైన భానుమతి నిర్మాత చక్రపాణితో వచ్చిన విభేదం వల్ల ఆ చిత్రానికి దూరమయ్యారు. ఆ పాత్ర సావిత్రికి దక్కింది. సాధారణంగా ఒక నటికి అటువంటి విభేదం జీవనోపాధికే ముప్పు. సొంత సంస్థ ఉన్న భానుమతికి అది ఒక చిత్రం చేజారడం మాత్రమే.

అయితే దర్శకత్వమే రక్షణ కాదు. ‘చిన్నారి పాపలు’ (1968)తో దర్శకురాలైన సావిత్రి, తరువాత స్వీయ నిర్మాణంలో తీవ్రంగా నష్టపోయారు. భానుమతి వెనుక దర్శకుడైన భర్త, స్థిరమైన సంస్థ, స్టూడియో ఉన్నాయి. ఆ అనుకూలత నాటి నటీమణుల్లో బహుకొద్ది మందికే లభించింది.

రచన

‘అత్తగారి కథలు’ హాస్యకథా సాహిత్యంలో ఆమెకు స్థానం కల్పించాయి. గయ్యాళి అత్త అనే మూసను విడిచి, చాదస్తమూ అమాయకత్వమూ కలగలిసిన అత్తను కోడలి కథనంలో ఆమె చిత్రించారు. ఆత్మకథ ‘నాలో నేను’ ఉత్తమ సినీ గ్రంథంగా జాతీయ పురస్కారం పొందింది. తన జీవితాన్ని ఇతరులు చెప్పేదాకా ఆగక తానే చెప్పుకోవడం కర్తృత్వానికి మరో రూపం.

ముగింపు

1966లో పద్మశ్రీ అందుకున్న భానుమతి 2005 డిసెంబరు 24న చెన్నైలో కన్నుమూశారు. ఆమెను కేవలం ‘అభిమానవతి’గా స్మరించడం వల్ల సినీరంగంలో స్త్రీ శ్రమకు, యాజమాన్యానికి గల సంబంధం చర్చకు రాకుండా పోతుంది. ఆమె కాదనగలిగారు, కాదన్న తరువాత కూడా పని కల్పించుకోగలిగారు. ఈ రెండవ శక్తి ఎలా సమకూరిందన్నదే నటీమణుల చరిత్రను రాసేవారు అడగవలసిన ప్రశ్న.