సరస్సు కురిపించే మంచు

మంచు అనే ఒక్క మాటతో మనం తెలుగులో చాలా సంగతులు చెప్పుకొంటాము. ధనుర్మాసపు వేకువలో పొలాలను కమ్మేదీ మంచే, గరికపోచలపై మెరిసే బిందువులూ మంచే, హిమాలయాలను కప్పినదీ మంచే. బఫెలో ప్రాంతంలో కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి తొలి శీతకాలంలోనే ఈ మాటకు ఇంకొక అర్థం తెలియవస్తుంది. అది వీధి తలుపును సగం దాకా పూడ్చివేసే మంచు.

బఫెలోలో ఏటా సగటున 95 అంగుళాల మంచు పడుతుంది. ఇంచుమించు అదే అక్షాంశంపై, ఈరీ సరస్సు పడమటి కొసకు చేరువలో ఉన్న డిట్రాయిట్‌లో పడేది అందులో సుమారు సగమే. చలి రెండు చోట్లా చలియే. తేడా అంతా నడుమనున్న సరస్సు వలన కలుగుతున్నది.

నీరు త్వరగా వేడెక్కదు, త్వరగా చల్లారదు. వేసవిలో దాచుకొన్న వేడిని సరస్సు నవంబరు, డిసెంబరు నెలల వరకు నిదానంగా విడుస్తూ ఉంటుంది. ఆ సమయానికి కెనడా మీదుగా దిగివచ్చే గాలి మిక్కిలి చల్లనిది, పొడిది. అది నీటిపై సాగుతున్నప్పుడు దాని అడుగు పొర వెచ్చబడి, ఆవిరిని నింపుకొని, తేలికై పైకి లేస్తుంది. చలికాలపు ఉదయం స్నానానికి కాచిన నీళ్ళ కాగు నుండి పొగలు లేవడం చూచినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. పైకి పోయిన ఆవిరి అక్కడి చలికి మంచు పలుకులుగా మారి, ఆవలి ఒడ్డున కురుస్తుంది. సరస్సు నీటి కంటే 5,000 అడుగుల ఎత్తున ఉన్న గాలి కనీసం 13 సెంటీగ్రేడు డిగ్రీలు చల్లగా ఉంటే ఈ క్రియ బలంగా సాగుతుందని వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్క.

ఇక గాలి దిశ. ఈరీ సరస్సు నైరుతి నుండి ఈశాన్యానికి సుమారు 240 మైళ్ళ పొడవున సాగి ఉన్నది. వెడల్పు 60 మైళ్ళ లోపే. గాలి అడ్డంగా దాటితే కొద్దిపాటి ఆవిరే దక్కుతుంది. నిలువునా వస్తే దారి పొడవునా నీరు త్రాగుతూ వచ్చి, ఈశాన్యపు కొసనున్న బఫెలో దగ్గర దించుకొంటుంది.

నెల్లూరు వైపు వారికి ఇందులో పోలిక కనబడకపోదు. ఈశాన్య ఋతుపవనం కూడా భూభాగం మీద పొడిగాలిగానే బయలుదేరి, వెచ్చని బంగాళాఖాతాన్ని దాటుతూ తేమను సంపాదించుకొని, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మన దక్షిణ కోస్తాకు వాన తెస్తుంది. అక్కడ వాయుగుండాలు, తుఫానుల పాత్ర పెద్దది కనుక రెండూ ఒకటే అనరాదు. గాలి నీటిపై నడిచి బరువెక్కడం మాత్రం రెండింటికీ సమానం.

సరస్సు మంచులోని అసలు చిక్కు దాని సన్నదనం. అది ఊరంతటా సమానంగా పడదు. కొద్ది మైళ్ళ వెడల్పు గల పట్టీగా వచ్చి, ఒకేచోట గంటల తరబడి నిలుస్తుంది. 2014 నవంబరులో బఫెలోకు దక్షిణాన, తూర్పున కొన్ని పేటలలో 5 అడుగులకు పైగా పేరుకొనగా, ఉత్తరపు పేటలలో పడినది కొన్ని అంగుళాలే. రహదారి మీద కార్లలో ఒక పగలు, ఒక రాత్రి చిక్కుబడిపోయినవారు ఉన్నారు. ఉత్తరాన ఆంహర్స్ట్‌లో కిటికీలోంచి నీలాకాశాన్ని చూచి, దక్షిణాన ఉన్న బంధువుల ఇంటికి భోజనానికి బయలుదేరడం ఎంత ప్రమాదమో దీనిని బట్టి ఊహించవచ్చును. గాలి కొద్ది డిగ్రీలు తిరిగితే చాలు, పట్టీ మైళ్ళ దూరం జరుగుతుంది. “టీవీవాళ్ళు చెప్పినది మా వీధిలో జరగలేదు” అని మనం విసుక్కొనేది ఇందుకే. తప్పు చాలాసార్లు వారిది కాదు.

ఈరీ మహాసరస్సులలో కెల్లా లోతు తక్కువది, సగటు లోతు 62 అడుగులే. అందువలన త్వరగా గడ్డకడుతుంది. నీటికి మూత పడితే ఆవిరి తగ్గి, మంచూ తగ్గుతుంది. కాని మూత పడినంత మాత్రాన భయం తీరినట్లు కాదు. 1976 డిసెంబరు నడుమకే సరస్సు గడ్డకట్టింది. దానిపై వారాల తరబడి పేరుకొన్న పొడి మంచును 1977 జనవరి 28న మొదలైన పెనుగాలి లేపి తెచ్చి బఫెలోపై పోసింది. ఆకాశం నుండి ఆ రోజులలో కొత్తగా రాలినది ఒక అడుగు మాత్రమే!

వార్తలలో వినవచ్చే రెండు మాటలను కలగలుపుకోరాదు. “వాచ్” అంటే ప్రమాదానికి తగిన పరిస్థితులు కూడుతున్నాయని అర్థం. సరుకులు, మందులు తెచ్చుకొనే సమయమది. “వార్నింగ్” అంటే ప్రమాదం వచ్చిపడుతున్నది, లేదా వచ్చేసింది. అప్పుడిక బయలుదేరరాదు. 2022 డిసెంబరు 23న మొదలైన మంచు తుఫానుకు వార్నింగ్ ముందుగానే వెలువడింది. అయినా ఈరీ కౌంటీలో 40 మందికి పైగా మరణించారు, వారిలో కొందరు కార్లలోనే.

కారులో చిక్కుబడితే దానిని విడిచి నడవరాదు. నాలుగడుగులలో దారి తప్పవచ్చును. గంటకు పది నిమిషాలు మాత్రమే ఇంజను నడిపి, గాలి వచ్చే వైపు కాక రెండవ వైపు అద్దాన్ని కొద్దిగా దించి ఉంచాలి. ఇంజను వేసే ముందు ప్రతిసారీ దిగి, వెనుక పొగగొట్టం చుట్టూ మంచు తొలగించాలి. అది పూడుకొనిపోతే వాసనా రంగూ లేని విషవాయువు లోపలికి చేరుతుంది.