గుర్రం కన్ను నొప్పి పెడితే ఎలా తెలుస్తుంది?

పిల్లలూ! కంట్లో నలుసు పడితే మీరేం చేస్తారు? కన్ను నులుముకుంటారు, "అమ్మా!" అని కేక పెడతారు. నోరున్న వాళ్ళం కనుక మన పని సులువు. గుర్రం అలా కాదు. కొత్త మనిషి దగ్గరకు వస్తే చాలు, బాధంతా దిగమింగి ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది. తోడేళ్ళ వంటి వేటజంతువులకు ఆహారమైన జాతి అది. మందలో నీరసంగా కనిపించిన దానిమీదే వాటి చూపు పడుతుంది. అందుచేత నొప్పిని దాచుకోవడం గుర్రానికి పుట్టుకతో వచ్చిన గుణం.

అయినా ఒక్కచోట దొరికిపోతుంది. గుర్రపువాడు కళ్ళెం పట్టుకొని ఉండగా, ఎదురుగా కాస్త దూరంలో నిలబడి (వెనక మాత్రం వద్దు సుమా!) రెండు కళ్ళ పైరెప్పల వెంట్రుకలనూ పోల్చి చూడండి. బాగున్న కంటికి అవి దాదాపు లంబంగా, ఇంటి చూరులా బయటికి చాచుకొని ఉంటాయి. నొప్పి ఉన్న కంటికి నేలవైపు వాలిపోతాయి. కంటిచుట్టూ వలయంలా ఉన్న కండరం నొప్పికి బిగుసుకొని రెప్ప అంచును కిందికి దించుతుంది. అంచుతో పాటే వెంట్రుకలూ వంగుతాయి. ఇంతకన్నా చౌకైన పరికరం ఏముంటుంది? కోణమాని కూడా అక్కరలేదు, ఒక కంటికి రెండో కన్నే కొలబద్ద. రెండు కళ్ళూ జబ్బుపడితే మాత్రం ఈ కొలబద్దను నమ్మరాదు. అప్పుడు చెంపమీద నీటిచార, పుసి, రెప్పవాపు, వెలుతురు ఓర్వలేక నీడకు జరగడం వంటివి చూడాలి.

2014లో ఐరోపా శాస్త్రజ్ఞులు గుర్రం ముఖంలో ఆరు గుర్తులు ఎంచుకొని, ఒక్కొక్కదానికి 0, 1, 2 అని మార్కులు వేసే పద్ధతి ప్రకటించారు. మొత్తం 12. మీ పరీక్షలకు భిన్నంగా, ఇక్కడ ఎక్కువ మార్కులు వస్తే ఎక్కువ బాధ అన్నమాట! వాటిలో రెండు గుర్తులు కంటి దగ్గరివే. అయితే నొప్పి ఎంత ఉందో ఈ మార్కులు చెబుతాయే గాని, ఎక్కడ ఉందో చెప్పవు.

నేలమీద తిరిగే క్షీరదాలలో అతి పెద్ద కళ్ళున్న వాటిలో గుర్రం ఒకటి. పైగా ఆ కళ్ళు తలకు ఇరుపక్కలా ఉబ్బి ఉంటాయి. గడ్డిపరక గుచ్చుకున్నా, కొరడా కొస తగిలినా ముందు దెబ్బతినేది నల్లగుడ్డును కప్పిన అద్దంలాంటి పొర. దాన్ని కార్నియా అంటారు. మందం ఒక మిల్లీమీటరైనా ఉండదు గాని, నొప్పి తెలిపే నాడుల కొసలు అందులో కిక్కిరిసి ఉంటాయి. గీసుకున్నచోట బాక్టీరియాలో, బూజులో చేరితే పుండు ముదిరి ఒకటి రెండు రోజుల్లోనే కన్ను పోవచ్చు. "రేపు చూద్దాంలే" అనడానికి వీల్లేని జబ్బు ఇది.

పశువైద్యుడు వచ్చి కంట్లో ఫ్లోరెసీన్ అనే రంగు వేస్తాడు. 1871లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేసిన రంగు అది. కార్నియా పైపొర సరిగా ఉంటే తామరాకు మీది నీళ్ళలా జారిపోతుంది. పైపొర చిట్లితే, నీటిని ఇష్టపడే లోపలిపొర దాన్ని పట్టుకొని ఆకుపచ్చగా మెరుస్తుంది. మందు నిర్ణయించేది ఈ పరీక్షే. కంటి వాపుకు వాడే స్టెరాయిడ్ చుక్కలు పుండు ఉన్న కంట్లో పడితే ప్రమాదం. ఇంట్లో మిగిలిన చుక్కలమందు గుర్రానికి వేయరాదనడం అందుకే.

మన దేశంలో ఒక వింత కారణం కూడా ఉంది. పశువుల పొట్టలో, పేగుల వెలుపల సిటేరియా అనే దారంలాంటి పురుగు నివసిస్తుంది. దాని పిల్లను దోమ మోసుకొచ్చి గుర్రానికి ఎక్కిస్తే, అది దారితప్పి కంట్లోకి చేరుతుంది. నల్లగుడ్డు ముందు తెల్లదారం ఈదుతున్నట్టు బయటికే కనిపిస్తుంది! వైద్యుడు కార్నియాకు చిన్న గాటు పెట్టి దాన్ని బయటికి తీస్తాడు.

పుండైనా వాపైనా, కంటిలోపలి కండరం పట్టేయడం వల్ల నొప్పి మరింత పెరుగుతుంది. దాన్ని సడలించడానికి అట్రోపిన్ చుక్కలు వేస్తారు. ఆ మందుతో కనుపాప పెద్దదై వెలుతురు ఎక్కువగా లోపలికి పోతుంది కనుక గుర్రాన్ని నీడలో కట్టాలి. ఆపైన రోజూ చూడవలసింది మళ్ళీ ఆ వెంట్రుకలనే. వాలినవి కొంచెం కొంచెంగా పైకి లేస్తుంటే మందు పనిచేస్తున్నట్టు. మళ్ళీ కిందికి వాలితే, చుక్కలు వేసే వేళ దాకా ఆగకుండా వైద్యుడికి కబురు పంపాలి.