శోధన ఫలితం శూన్యమైతే: తెలుగు పాఠ్యనిధులలో పదశోధన – నిర్మాణ సమస్యలు

వ్యాస సంగ్రహం:
తెలుగు గ్రంథాలు, పత్రికలు యూనికోడ్ పాఠాలుగా లభిస్తున్నందువల్ల పదప్రయోగ పరిశోధనలో కంప్యూటర్ శోధన ప్రధాన సాధనమైంది. ‘దొరకలేదు’ అని యంత్రం ఇచ్చిన సమాధానాన్ని ‘గ్రంథంలో లేదు’ అనే నిర్ణయంగా స్వీకరించవచ్చునా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న. సంకేత క్రమం, వర్ణక్రమ భేదాలు, సంధి, విభక్తి శోధన ఫలితాన్ని ఎలా మారుస్తాయో, శోధన సౌకర్యాన్ని నిర్మించేవారు వాటిని ఎలా ఎదుర్కోవచ్చునో ఇందులో వివరించడం జరిగింది.

కీలక పదాలు: పదశోధన, యూనికోడ్, సాధారణీకరణ, విలోమ సూచిక, వర్ణక్రమం, సంధి.

1. ఉపోద్ఘాతం

ఒక కావ్యంలో ఒక పదం ఎన్నిచోట్ల ప్రయుక్తమైందో తెలుసుకోవడానికి పూర్వం పదప్రయోగ కోశాన్ని ఆశ్రయించేవారు. అది లేనిచోట గ్రంథాన్ని ఆద్యంతం చదివి చీటీలు రాసుకొనేవారు. అలా చదివే మనిషికి ‘గుఱ్ఱము’, ‘గుర్రం’, ‘గుఱ్ఱాలు’ ఒకే పదానికి రూపాలని ఎవరూ చెప్పనవసరం లేదు. నేడు అదే పని శోధన పెట్టెలో ఒక పదం టైపు చేయడంతో ముగుస్తున్నది. యంత్రానికి మాత్రం ఆ మూడూ మూడు వేర్వేరు అంకెల వరుసలు.

ఒక పదం ఉన్నదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. దానిని పుటసంఖ్యతో చూపవచ్చు. లేదని చెప్పడం అలా కాదు. “ఈ పదం ఫలానా కవికి పూర్వం ప్రయోగంలో లేదు”, “ఈ పారిభాషిక పదం ఫలానా పత్రికలో కనిపించదు” వంటి ప్రతిపాదనలకు ఆధారం శోధన ఇచ్చిన శూన్యఫలితమే అయినప్పుడు, ఆ శోధన ఎలా నిర్మితమైందన్నది సాంకేతిక నిపుణులకు వదిలివేయదగిన విషయం కాదు. అది పాఠపరిష్కరణకు సంబంధించిన ప్రశ్న.

2. యంత్రం చదివే తెలుగు

యూనికోడ్‌లో తెలుగుకు దశాంశ గణనలో 3072 నుండి 3199 వరకు 128 స్థానాలు కేటాయించారు. హల్లులు, అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు వేర్వేరు సంకేతాలు. ‘తెలుగు’ అనే పదంలో మనకు కనిపించేవి మూడు అక్షరాలు. యంత్రం దృష్టిలో అవి ఆరు సంకేతాలు: త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం. యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే పద్దెనిమిది బైట్లు. పదం పొడవు ఎంత అని ప్రోగ్రామును అడిగితే 3, 6, 18 అనే మూడు సమాధానాలూ రావచ్చు, మూడూ సరైనవే.

వత్తులకు ప్రత్యేక సంకేతాలు లేవు. పొల్లు తరువాత హల్లు వస్తే అది తెరపై వత్తుగా కనిపిస్తుంది. దీని ఫలితం ‘రామ’ అని శోధిస్తే తెలుస్తుంది. ‘విరామం’, ‘పరామర్శ’లతోపాటు ‘గ్రామం’ కూడా ఫలితాలలో చేరుతుంది. ‘గ్రామం’లో గకారానికి పొల్లు, ఆపై ర, ఆత్వం, మ వరుసగా ఉన్నాయి, అందులో ‘రామ’ అక్షరాలా ఉన్నట్లే. కంటికి కనిపించే క్రావడి యంత్రానికి మామూలు రేఫ. కాబట్టి పదభాగాన్ని వెతికేటప్పుడు ముందున్న సంకేతం పొల్లు కాకూడదనీ, తరువాతి సంకేతం గుణింతపు గుర్తో పొల్లో కాకూడదనీ నియమం విధించాలి. రెండవ నియమం లేకపోతే ‘మర’ అని వెతికినవారికి ‘మరి’, ‘మర్రి’ కూడా లభిస్తాయి.

పాఠాన్ని పదాలుగా విడగొట్టే దశలో మరొక చిక్కు ఉంది. పైథాన్ భాషలోని ప్రామాణిక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ గ్రంథాలయంలో ‘పదాక్షరం’ అనే వర్గం అక్షరాలనూ అంకెలనూ మాత్రమే గుర్తిస్తుంది. తెలుగు గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ఆ వర్గంలోకి రావు. దానితో పదాలను వేరుచేస్తే ‘తెలుగు’ కాస్తా త, ల, గ అనే మూడు ‘పదాలు’ అవుతుంది. ప్రోగ్రాము ఏ దోషమూ చూపదు. పదపట్టిక మాత్రం నిరర్థకమవుతుంది. జావాస్క్రిప్టులోని అదే వర్గం రోమన్ అక్షరాలను దాటి పోదు. తెలుగు పాఠానికి 3072–3199 పరిధినీ, దానితోపాటు అదృశ్య సంకేతాలనూ స్పష్టంగా పేర్కొని విడగొట్టడం సురక్షితం.

అదృశ్య సంకేతాల మాట వచ్చింది కనుక ‘హైదరాబాద్‌లో’ అనే రూపాన్ని చూడాలి. దకారపు పొల్లు లకారంతో కలిసి వత్తు కాకుండా ఆపడానికి వాటి నడుమ 8204వ సంఖ్య గల సంకేతాన్ని ఉంచుతారు. దానికి ఆకారం లేదు. ఒకరు దానితో, మరొకరు అది లేకుండా ‘హైదరాబాద్లో’ అని టైపు చేస్తే శోధన వాటిని రెండు పదాలుగానే చూస్తుంది. ఇంతకంటె మోసకరమైనది పూర్ణబిందువు. సున్న సంకేతం 3074. తెలుగు అంకెలలోని సున్న 3174. తెరపై రెండింటికీ పోలిక ఎక్కువ. ‘పుస్తకం’ అన్న చోట అంకె సున్నతో ‘పుస్తక౦’ అని టైపు చేసిన పాఠాలు జాలంలో అరుదు కాదు. అక్షరాల నడుమనో చివరనో వచ్చిన అంకె సున్నను పూర్ణబిందువుగా మార్చవచ్చు; ‘౧౦’ వంటి సంఖ్యలలో దాని జోలికి పోకూడదు.

యూనికోడ్ సంస్థ నిర్దేశించిన ప్రామాణిక సాధారణీకరణను ఉపయోగిస్తే ఇవన్నీ తీరిపోతాయని చాలామంది నమ్మకం. తెలుగుకు సంబంధించినంతవరకు అది చేసే పని స్వల్పం. ఎత్వమూ దాని కింది గుర్తూ విడివిడిగా ఉంటే వాటిని ఒకే ఐత్వంగా కూర్చుతుంది. అదృశ్య సంకేతాలను తొలగించదు, సున్నలను సవరించదు. మిగిలిన పనంతా నిర్మాత చేసుకోవలసిందే.

అను ఫాంట్ల వంటి పూర్వపద్ధతులలో కూర్చిన పాఠాలను ముందుగా యూనికోడ్‌లోకి మార్చకపోతే వాటిలో తెలుగు శోధన సాధ్యం కాదు. లోపల ఉన్నవి రోమన్ సంకేతాలే.

3. వర్ణక్రమ భేదాలు

తెలుగు ముద్రణలో వర్ణక్రమం కాలాన్ని బట్టి, సంపాదకుని బట్టి మారుతూ వచ్చింది. సన్ధి–సంధి, పణ్డితుఁడు–పండితుడు, వాఁడు–వాడు, పుస్తకము–పుస్తకం, ఒకటి–వొకటి, ఎవరు–యెవరు: వీటిలో ఒక రూపాన్ని అడిగిన పరిశోధకునికి రెండవదీ కావలసి ఉంటుంది. అందుకు మూలపాఠాన్ని ముట్టుకోకుండా, ప్రతి పదానికీ ఒక ‘శోధనరూపాన్ని’ పక్కన తయారు చేస్తారు. వర్గాక్షరానికి ముందున్న దాని అనునాసికాన్ని సున్న చేయడం, అరసున్నను తొలగించడం, పదాంతంలోని ‘ము’ను సున్న చేయడం వంటి సూత్రాలతో అది ఏర్పడుతుంది. ఇదే సూత్రావళిని పాఠానికీ, పాఠకుడు టైపు చేసిన ప్రశ్నకూ ఒకే విధంగా వర్తింపజేయాలి. ఒకవైపు మాత్రమే వర్తింపజేసి, ఫలితాలు ఎందుకు రావడం లేదని వెతుక్కోవడం ఈ రంగంలో సర్వసాధారణం.

ఎక్కడ ఆగాలన్నదే అసలు ప్రశ్న. అరసున్నను తొలగిస్తే సంవత్సరార్థకమైన ‘ఏఁడు’, సంఖ్యావాచకమైన ‘ఏడు’ ఒకటైపోతాయి. శకటరేఫను సాధురేఫ చేస్తే ‘అఱుగు’ (జీర్ణమగు), ‘అరుగు’ (వెళ్ళు) కలిసిపోతాయి. థకార ధకారాలను ఏకం చేస్తే ‘అర్థం’, ‘అర్ధం’ విడదీయలేము. శబ్దరత్నాకరము (1885) వంటి నిఘంటువును శోధించే సాధారణ పాఠకునికి ‘గుర్రము’ అని టైపు చేసినా ‘గుఱ్ఱము’ దొరకాలి. రేఫద్వయ వివేచన చేసే ఛందఃపరిశోధకునికి ఆ సౌకర్యమే ప్రతిబంధకం. కనుక ఏకరూప శోధన ఒక్కటే ఇవ్వడం కంటె యథాతథ శోధన, వికల్పరూప శోధన అని రెండింటినీ ఉంచి, ఏది అమలులో ఉన్నదో పాఠకునికి కనిపించేలా చెప్పడం ఉచితమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ప్రాప్తి ఎక్కువైతే చాలునన్న ధోరణి వాణిజ్య శోధనకు సరిపోవచ్చు, పాఠవిమర్శకు సరిపోదు.

శాసన పాఠాల విషయంలో ఇది మరింత సున్నితం. రేనాటి చోళుల శాసనాల వంటి ప్రాచీన పాఠాల్లో కనిపించే ‘ఴ’కు యూనికోడ్‌లో స్థానం 2014లో, 7.0 సంచికలో లభించింది. అంతకుముందు యూనికోడ్‌లోకి ఎక్కించిన పాఠాలలో ఆ అక్షరానికి బదులు వేరొకటి వాడక తప్పదు. అటువంటి పాఠనిధిలో ‘ఴ’ కోసం వెతికి శూన్యఫలితం పొందినవారికి తెలిసేది పాఠాన్ని ఎక్కించిన కాలం గురించే గాని శాసనభాష గురించి కాదు.

శోధనరూపం వేరు, మూలరూపం వేరు అయినప్పుడు ఫలితాన్ని పాఠంలో రంగువేసి చూపడంలోనూ చిక్కు వస్తుంది. ‘వాఁడు’లో ఐదు సంకేతాలు, ‘వాడు’లో నాలుగు. శోధనరూపంలోని స్థానసంఖ్యతో మూలపాఠంలో రంగు వేస్తే ప్రతి అరసున్న దగ్గరా ఒక్కొక్క సంకేతం చొప్పున గుర్తు పక్కకు జరుగుతుంది. రెండింటి స్థానాలనూ జతపరిచే పట్టికను మొదటినుండే భద్రపరచడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

4. సంధి, విభక్తి

వర్ణక్రమ సమస్యలు సూత్రాలకు లొంగుతాయి. వ్యాకరణం అంత తేలికగా లొంగదు. ‘ఇల్లు’ అని వెతికితే ‘ఇంటికి’, ‘ఇళ్ళలో’ రావు. ‘నోరు’ అని వెతికితే ‘నోటితో’ రాదు. ఔపవిభక్తికాలలో ప్రాతిపదికే మారిపోతుంది కనుక చివరి ప్రత్యయాలను కత్తిరించే పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఆంగ్లానికి మార్టిన్ పోర్టర్ 1980లో ప్రతిపాదించిన కత్తిరింపు పద్ధతి విజయవంతమవడానికి ఆ భాషలో ప్రత్యయాలు తక్కువగా ఉండడం ఒక కారణం. లూసీన్ అనే స్వేచ్ఛా శోధన గ్రంథాలయం 9వ శ్రేణిలో తెలుగు విశ్లేషకం చేరింది. అదీ ప్రధానంగా ప్రత్యయాలను తొలగించేదే. ‘ఇంటి’ని ‘ఇల్లు’కు చేర్చాలంటే నిఘంటువు కావాలి.

పదాది భాగంతో వెతకడం చాలామంది పరిశోధకులు అనుభవంతో కనుగొన్న ఉపాయం. ‘పుస్తక’ అని హల్లు దగ్గర ఆపితే పుస్తకం, పుస్తకాలు, పుస్తకాన్ని అన్నీ లభిస్తాయి. పైన చెప్పిన తరువాతి సంకేతపు నియమాన్ని ఇక్కడ సడలించాలన్నమాట. అయితే ‘మనిషి’, ‘మనుషులు’ రెండూ రావాలని ‘మన’ దగ్గర ఆపితే మన, మనం, మనసు, మనవడు అందరూ వచ్చి కూర్చుంటారు.

సంధి, సమాసాలు ఈ ఉపాయాన్ని కూడా దాటిపోతాయి. ‘తండ్రి’ని ఎంత జాగ్రత్తగా వెతికినా ‘తల్లిదండ్రులు’లో దొరకదు, తకారం దకారమైంది. ‘కాయ’కు ‘కూరగాయలు’ చిక్కదు. గసడదవాదేశం, సరళాదేశం పద్యసాహిత్యంలో అడుగడుగునా ఉంటాయి కనుక క, చ, ట, త, పలతో మొదలయ్యే పదాన్ని వెతికేవారు పదమధ్యంలో గ, జ లేక స, డ, ద, బ లేక వలతో మొదలయ్యే రూపాలనూ విడిగా వెతకాలి. నిర్మాత ఈ విస్తరణను ప్రశ్న దశలోనే యంత్రంచేత చేయించవచ్చు. సూచికను పెంచకుండా జరిగే ఈ చిన్న ఏర్పాటు కావ్యపాఠ శోధనలో ఎంతో ఉపకరిస్తుంది.

5. సూచిక, సామీప్యం, క్రమం

కొన్ని వందల పుటలకు పాఠాన్ని మొదటినుండి చివరిదాకా గాలించే పద్ధతి చాలు. డేటాబేసులో ‘ఈ అక్షరాలు ఎక్కడున్నా సరే’ అని అడిగే లైక్ ప్రశ్న చేసేది అదే. ప్రశ్న మొదట్లోనే ‘ఏదైనా’ అనే గుర్తు ఉన్నందువల్ల మామూలు సూచిక దానికి ఉపయోగపడదు. పాఠం పెరిగితే విలోమ సూచిక అవసరం. ప్రతి పదానికీ అది వచ్చిన స్థలాల జాబితాను ముందే తయారుచేసి ఉంచడం దాని సారం. పదప్రయోగ కోశం చేసే పని సరిగ్గా ఇదే. పదంలోపలి భాగాలనూ వెతకాలంటే పాఠాన్ని మూడేసి తునకలుగా సూచించే పద్ధతి ఉంది. ఆ తునకలు సంకేతాల ప్రకారం కాక అక్షరాల ప్రకారం ఉండడం తెలుగుకు మేలు. లేకపోతే గుణింతపు గుర్తుతో మొదలయ్యే అర్థరహితమైన తునకలతో సూచిక నిండిపోతుంది.

టైపు దోషాలను సహించే సామీప్య శోధన ఎక్కువగా లెవెన్‌స్టైన్ 1965లో ప్రతిపాదించిన దూరంపై ఆధారపడుతుంది. ఒక సంకేతం మార్చడం, చేర్చడం, తీసివేయడం ఒక్కొక్క అడుగు. చిన్న తెలుగు పదాలకు ఒక్క అడుగు కూడా ఎక్కువే: ‘కల’కు ఒక అడుగు దూరంలో కళ, కాల, కలి ఉన్నాయి. ఓసీఆర్ పాఠాలలో ప–వ, ద–ధ–థ వంటి సరూపాక్షరాల తారుమారుకు మాత్రమే తక్కువ దూరాన్ని కేటాయించడం దీనికంటె యుక్తం.

ఫలితాల వరుసక్రమం గురించి ఒక్క మాట. అరుదైన పదానికి ఎక్కువ విలువనిచ్చే సూత్రాన్ని కరెన్ స్పార్క్ జోన్స్ 1972లో ప్రతిపాదించారు. ఒక నామవాచకం ఇరవై విభక్తిరూపాలుగా చెదిరిపోతే ప్రతి రూపమూ అరుదైనదిగానే కనిపిస్తుంది. అందువల్ల క్రమమూ దెబ్బతింటుంది.

6. శూన్యఫలితాన్ని పరీక్షించడం

సమాచార శోధనలో ప్రాప్తి, కచ్చితత్వం అనే రెండు కొలతలు 1960లలో సిరిల్ క్లెవర్డన్ క్రాన్‌ఫీల్డ్‌లో నిర్వహించిన ప్రయోగాలతో స్థిరపడ్డాయి. ‘లేదు’ అనదలచినవారికి కావలసింది ప్రాప్తి. దానిని అంచనా వేయడానికి పెద్ద ఏర్పాట్లు అక్కరలేదు. పాఠనిధినుండి యాదృచ్ఛికంగా కొన్ని పుటలు ఎంచుకొని, వెతకదలచిన పదానికి వ్యాకరణరీత్యా సమానమైన, ప్రసిద్ధమైన మరొక పదాన్ని కంటితో చదివి లెక్కించాలి. ఆ పుటలలోనే ఆ పదాన్ని యంత్రంతో వెతికించి రెండు లెక్కలనూ పోల్చాలి. ఉదాహరణకు కంటికి యాభై చోట్ల కనిపించిన పదాన్ని యంత్రం నలభైచోట్ల మాత్రమే పట్టుకొన్నదనుకొందాం. తప్పిపోయిన ఆ పది స్థలాలు అరసున్న వల్ల తప్పాయా, సంధి వల్లనా, ఓసీఆర్ వల్లనా అని విడదీస్తే ఏ సూత్రం చేర్చాలో స్పష్టమవుతుంది.

సిద్ధాంత వ్యాసంలోని పరిశోధన పద్ధతి అధ్యాయంలో ఈ వివరాలకు ఒక పేరా కేటాయించడం అవసరం. పాఠం కంటితో సరిచూసినదా, ఓసీఆర్ ఇచ్చినదా, ఏ ముద్రణ, ఏయే రూపాలతో వెతికారు, శోధన యథాతథమా, వికల్పరూపాలతో కూడినదా, నమూనా పుటలలో ప్రాప్తి ఎంత. పరీక్షకులు ‘లేదు’ అన్న వాక్యాన్ని చదివిన తరువాత వెనక్కు తిరిగి చూడవలసినది ఆ పేరానే.