పన్నెండు మెట్ల కిన్నెర

పాలమూరు సీమయందు పండుగ సాయన్న పేరు వినని పల్లె అరుదు. నిజాము పాలనలో ధనికులను దోచి పేదలకు పంచిపెట్టిన వీరుడుగా ఆతనిని జనులు తలచుచుందురు. ఆతని చరిత్రను కాపాడినది ముఖ్యముగా కిన్నెర పాటయే.

ఆ పాటను మన కాలమునకు చేర్చినవారిలో దర్శనం మొగులయ్య ప్రసిద్ధుడు. ఈయన స్వగ్రామము లింగాల మండలములోని అవుసలికుంట. 2016వ సంవత్సరము వరకు మహబూబ్‌నగరు జిల్లాకు చెందియుండిన ఆ ప్రాంతము నేడు నాగర్‌కర్నూలు జిల్లాలో నున్నది. మొగులయ్య దక్కలి కులమువాడు. దక్కలివారు ఊరూర తిరిగి, మాదిగల కులపురాణమగు జాంబపురాణమును వినిపించి, వారిచ్చినదానితో జీవించుచుండిరి. మొగులయ్యకు బడియైనను గురువైనను తండ్రియే. తండ్రి వ్రేళ్లు మెట్లపై నడచు తీరు చూచి, పాటను చెవితో పట్టి నేర్చుకొనెను.

కిన్నెర ప్రాచీన వాద్యము. 13వ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు బసవపురాణములో కిన్నర బ్రహ్మయ్య యను భక్తుని కథ చెప్పియున్నాడు. వెదురు దండమునకు క్రిందుగా ఎండిన సొరకాయ బుర్రలను కట్టి, పైన మైనముతో మెట్లను నిలుపుదురు. తీగను మీటగా పుట్టిన సన్నని ధ్వని బుర్రల బోలులో మారుమ్రోగి పెద్దదగును. మెట్టుపై వ్రేలు ఆనించినచో కంపించు తీగ పొడవు తగ్గి స్వరము హెచ్చును. పన్నెండు మెట్లుగల కిన్నెర మిక్కిలి అరుదు.

ప్రక్కన మద్దెల లేనిచో కిన్నెరకాడు లయను కూడ మీటుచేతనే నిలుపవలెను. ఇట్టి పనినే సముద్రముల కావల మరియొక వాద్యము చేసినది. ఆఫ్రికానుండి బానిసలుగా కొనిపోబడినవారు అమెరికాలో సొరబుర్రకు తోలు మూసి తీగవాద్యములు చేసికొనిరి. బాంజో వానినుండియే పుట్టినది. 20వ శతాబ్దారంభమున న్యూ ఆర్లీన్సు జాజ్ మేళములలో లయను పట్టియుంచు వాద్యములలో బాంజో యొకటి. ఈ రెండింటికి చుట్టరికమున్నదనరాదు. సొరకాయ పేదవానికిని దొరకునది, అంతే.

2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రగీతముతో మొగులయ్య గొంతు దేశమెల్ల వినవచ్చెను. 2022లో పద్మశ్రీ లభించెను. రెండేండ్లకే, 2024లో, ఆయన హైదరాబాదు సమీపమున కూలిపని చేయుచున్నట్లు పత్రికలు తెలిపినవి. పూర్వము కిన్నెరకాడు వచ్చినచో గింజలు కొలిచి ఇచ్చు ఇండ్లుండెడివి. ఆ ఏర్పాటు చెదరిన పిదప కిన్నెరను నమ్ముకొన్న కుటుంబములకు నిలుకడైన రాబడి లేకపోయెను.