‘ఆనకట్ట’ నాటకమున అసూయయు మైత్రియు

ఐర్లండుదేశపు నాటకకర్తయగు కానర్ మక్‌ఫర్సను రచించిన ‘ది వియర్’ అను నాటకము 1997 వ సంవత్సరము జూలై నెలలో లండను నగరమున రాయల్ కోర్టు నాటకసంఘమువారిచేఁ బ్రథమమునఁ బ్రదర్శింపఁబడెను. 1999 లో ఉత్తమమగు నూతననాటకమున కిచ్చు ఆలివియర్ బహుమానము దీనికి లభించెను; ఆ యేఁటనే న్యూయార్కునందును బ్రదర్శింపఁబడినది. ‘వియర్’ అనఁగా నదికి నడ్డముగాఁ గట్టి, నీటిని మీఁదుగాఁ బొరలిపోనిచ్చు ఆనకట్ట. నాటకమున నది యెచ్చటను గానరాదు. పానశాలగోడకు వ్రేలాడు పాత ఛాయాచిత్రములలో, విద్యుచ్ఛక్తికై యేర్పడిన యా కట్ట 1951 లోఁ బ్రారంభమైననాఁటి చిత్ర మొకటి మాత్రము కలదు. కథయంతయు నొక రాత్రి, ఒక గది, అయిదుగురు మనుష్యులు. అంకవిభాగము లేదు, హత్య లేదు, వివాహము లేదు. ఇట్టిది ప్రేక్షకుల నేల పట్టి నిలుపుచున్న దని విచారించినచో, ఆ మగవారి నడుమ నుడుకుచున్న యసూయవలన నని మొదటఁ దోఁచును. ఆ యసూయ దేనిమీఁదఁ దేలుచున్నదో కనుఁగొన్నఁగాని నాటకము బోధపడదు.

పానశాల యన్నంతనే మధువు, మత్తు, కలహము తలఁపునకు వచ్చును. ఐర్లండుపల్లెలోని పబ్బు అట్టిది గాదు, ఊరి రచ్చకొట్టమువంటిది. చలికాలమునఁ బెందలకడ చీఁకటిపడు నా పడమటిసీమలలో, పొలములనడుమ నొంటియిండ్లలో నుండువారికి సాటిమనుష్యుని కంఠము వినఁబడు తావు అదియే. మక్‌ఫర్సను తాతగారు లీట్రిము మండలమున షానన్ నదియొడ్డునఁ జిన్నయింట నొంటిగా నుండెడివారు. ఇంట రేడియో మ్రోగుచుండినఁ దోడున్నట్లు భ్రమ కలుగునని వారాడిన మాట తనకు జ్ఞాపకమున్నదని కవియే వ్రాసికొనియున్నాఁడు.

పబ్బున కొక యాచారము కలదు. చెలికాండ్రతోఁ గూర్చుండినవాఁడు తనకు మాత్రమే పానీయము తెప్పించుకొనఁడు. వంతు వచ్చినవాఁ డందఱకును దెప్పింపవలయును. వంతు తప్పించుకొనువాఁడు నింద్యుఁడు. ధనమున్నదిగదా యని యితరుల వంతునుగూడ లాగికొనువాఁడు నింద్యుఁడే. ఈ నాటకమునఁ గథలు చెప్పుటయు నించుమించుగా వంతులమీఁదనే సాగును.

తెర లేవఁగానే జాకు అనువాఁడు తలుపు తెఱచుకొని వచ్చును. యజమాని లేఁడు. జాకు తానే పానీయము పోసికొని, వెల తానే లెక్కించి పెట్టెలో వేసి, నిలుచుండును. మైత్రికి మాటలు లేని వ్యాఖ్యాన మిది. జాకు ఏఁబదులలోనివాఁడు, మోటారుబండ్లు బాగుచేయు శాల గలవాఁడు. జిము నలువదులలోనివాఁడు, జాకువద్ద నప్పుడప్పుడు పనిచేయుచు ముదుసలితల్లిని గనిపెట్టుకొనియుండును. శాలాధిపతి బ్రెండనునకు ముప్పదులు. మీఁదిపొలము నమ్ముమని తోఁబుట్టువు లెంత వేధించినను నమ్మఁడు. ఈ మువ్వురకును బెండ్లి లేదు. నాలవవాఁడు ఫిన్‌బరు. ఆతఁడును ఆ చోటివాఁడే. కాని క్యారిక్కు పట్టణమున హోటలు పెట్టి ధనికుఁడైనాఁడు, గృహస్థుఁడు. డబ్లిను నుండి వచ్చి యీ పల్లెలో నిల్లు పుచ్చుకొన్న వాలెరీ యను యువతిని ఆతఁ డీరాత్రి పానశాలకుఁ దోడ్కొనివచ్చుచున్నాఁడని వార్త. జాకునకు నిప్పంటుకొన్నది. పెండ్లియైనవాఁ డొకతెను వెంటఁ ద్రిప్పుట యేమనియు, పెండ్లి లేనివారియెదుట వైభవము చూపుకొనుటకే యీ రాక యనియు నాక్షేపించును. ఆ మాటలలో ధర్మ మెంతయో కడుపుమంట యెంతయో ప్రేక్షకునకు సులభముగానే తెలియును.

అమరసింహుఁడు ఓర్వలేమిని ఈర్ష్య యనియు, గుణములందు సైతము దోష మారోపించుట నసూయ యనియు వేఱుపఱచెను. జాకునందు రెండును గలవు, ప్రధానము రెండవది. ఫిన్‌బరు ఔదార్య మాతనికంటికి డంబము, చొరవ చాపల్యము. భరతుఁ డసూయను ముప్పదిమూఁడు సంచారిభావములలోఁ జేర్చెనేగాని స్థాయిని జేయలేదు. ఈ శాస్త్రము మక్‌ఫర్సను ఎఱిఁగి వ్రాసినది గాదు; అయినను నాతని పనితనమును దెలుపుట కింతకంటెఁ దగినమాట దొరకదు. ఇచట నసూయ తలయెత్తును, మెఱయును, అడఁగును. అడుగున నిలుచునది స్నేహము. స్నేహము స్థాయిగా ప్రేయోరస మొకటి కలదని రుద్రటుఁడు చెప్పఁగాఁ దరువాతివారిలోఁ బెక్కురు దానిని మన్నింపరైరి. ఈ నాటకము రుద్రటున కొక సాక్షి.

పానశాలలోని యసూయ ఐర్లండు రంగస్థలమునకుఁ గ్రొత్త గాదు. 1907 లో డబ్లినులోని ఆబీ నాటకశాలయందుఁ బ్రదర్శింపఁబడి యల్లరులకుఁ గారణమైన సింజి కవి నాటకము, ‘ది ప్లేబాయ్ ఆఫ్ ది వెస్టరన్ వరల్డ్’, మేయో మండలపుఁ బల్లెటూరి పానశాలలోనే జరుగును. తండ్రిని జంపితినని చెప్పుకొనుచు వచ్చిన పరదేశియువకుని ఊరెల్ల మెచ్చుకొనఁగా, తనకు నిశ్చితమైన కన్య చేయిజాఱునని వెఱచిన షాన్ కియో, అమెరికాకుఁ బోవు టిక్కెట్టును గ్రొత్తబట్టలును లంచమిచ్చి వానిని సాగనంపఁజూచును. అచటి యసూయకు స్నేహ మడుగున లేదు. మెప్పు విఱిగినంతనే యూరివారు వానిని ద్రాళ్లతోఁ గట్టుదురు. మక్‌ఫర్సను నాటకమున వచ్చిన పరదేశి స్త్రీ. ఆమె మొదటఁ జేయుపని వినుట.

జాకు తొలికథ చెప్పును. 1910 ప్రాంతమున నొకయింటి తలుపుమీఁద రాత్రివేళఁ జప్పుడు వినఁబడెడిదఁట. ఆ యిల్లు ఫెయిరీలను నదృశ్యభూతములు నడచు బాటమీఁదఁ గట్టినదఁట. ఆ యిల్లే నేఁడు వాలెరీ నివసించునది. తరువాత ఫిన్‌బరు వంతు. పొరుగింటిపిల్ల ప్రేతముల నావాహనముచేయు పలకతో నాడి, మెట్లమీఁద నొక స్త్రీని గాంచెనఁట. ఆరాత్రి తనయిల్లు చేరిన ఫిన్‌బరు, వెనుకనున్న మెట్లవైపు మొగము త్రిప్పలేక, తెల్లవాఱుదాఁక నిప్పుగూఁటియెదుటఁ గదలక కూర్చుండెను. నాఁటితోఁ బొగత్రాగుట మానెను. పిదపఁ బట్టణమునకుఁ దరలెను. నాటకమునకుఁ గీలకము ఇచటనే యున్నది. ఏ వలసవలన ఫిన్‌బరు ధనికుఁడై జాకు కడుపుమంటకుఁ గారణమయ్యెనో, ఆ వలసకు భయమును నొంటరితనమును గొంత కారణములని యాతనినోటనే బయల్పడినది. అసూయాపరుఁడు దేనికై కుములునో దాని వెలను ఎన్నఁడు నడిగియుండఁడు.

నడుమ నొకమాఱు మాట ముదిరి యిద్దఱును జీవాటు లాడుకొందురు. జాకే తగ్గి, పానీయ మిప్పించి, సమాధానపడును. చిరకాలమైత్రి గలవారి కలహము లిట్లే చల్లారును. ఎవరును దీర్పు చెప్పనక్కఱలేదు.

జిము చెప్పినది సమాధి త్రవ్వుటకుఁ బోయిననాఁటి కథ. అది పిల్లలకుఁ గీడుచేసిన మృతునిఁ గూర్చినదగుటచే ఫిన్‌బరు చీదరించుకొనును. అటుపిమ్మట వాలెరీ తన కథ చెప్పును. ఆమె కూఁతురు ఈఁతకొలనులో మునిఁగి మరణించినది. కొన్నాళ్లకు టెలిఫోను మ్రోగఁగా నెత్తి వినినచో, వచ్చి తీసికొనిపొమ్మని కోరు నా బిడ్డ కంఠమే. అప్పుడా మగవారు చేసినపని యీ నాటకమునఁ గడు సూక్ష్మమైన ఘట్టము. ఒకరిని మించి యొకరు మెప్పుపొందఁజూచిన వారే, ఎవనికథ వాఁడే కూలఁద్రోయఁజొచ్చిరి. చప్పుడు గాలివలన నని యొకఁడు. పొరుగింటిపిల్ల మనస్సు నిలుకడలేని దని యొకఁడు. నాఁడు జ్వర మని యొకఁడు. ఆమె వ్యథకు భ్రమ యను పేరు పెట్టి యోదార్పఁజూతురు. ఆ యోదార్పు తప్పుత్రోవదే. ఆమెకు నిజమైన దానిని గాదనుట యని బ్రెండనున కొక్కనికే తెలియును. అయినను గొప్పను వదలుకొనుట యందఱును జేసిరి.

ఫిన్‌బరును జిమును వెడలినపిదప జాకు చెప్పు కడపటికథలో భూతము లేదు. తాను ప్రేమించిన స్త్రీ డబ్లినునకుఁ బోవఁగా వెంటఁబోక విడిచెను. ఆమె మఱియొకనిఁ బెండ్లాడెను. పెండ్లికిఁ బోయి నిలువలేక వెలికివచ్చి, యెఱుఁగని పానశాలలోఁ గూర్చుండఁగా, శాలాధిపతి మొగము చూచి, అడుగకయే తినుటకు రొట్టె యిచ్చెను. ఆ దయకు గొంతు పూడుకొనిపోయెను. సాయంకాలమున వెక్కిరింపులతో వచ్చిన జాకు రాత్రి ముగియునప్పటికిఁ బరస్త్రీయెదుటఁ దన లోటును దానే విప్పినాఁడు. పోటీకాఁ డెదుట లేనప్పు డసూయ మాటాడవలసిన పని లేదు.

దీపము లార్పుచుండఁగా, వేసవిలో వచ్చు యాత్రికుల ప్రస్తావన మఱల వచ్చును. జాకు వారినందఱను జర్మనులే యని యెగతాళిచేయుచుండును. వారు నిజముగా నేదేశమువారో యెవరికిని దెలియదు.