పచ్చ గుర్తు ఏం చెబుతోంది? సర్వర్ ప్యానెల్ చూపే స్థితిని సరిచూసుకునే పద్ధతి

ఈ రోజుల్లో ఎంత చిన్న సేవాసంస్థకైనా ఒక వెబ్‌సైటు, ఒక ఆన్‌లైన్ దరఖాస్తు ఫారం, ఒక విరాళాల పేజీ తప్పనిసరి అయ్యాయి. ఇవన్నీ ఎక్కడో అద్దెకు తీసుకున్న సర్వర్ మీద నడుస్తాయి. ఆ అద్దె, దాన్ని చూసుకునే వ్యక్తికి ఇచ్చే ప్రతిఫలం దాతల సొమ్ములోంచే వెళ్తాయి. కాబట్టి ఆ సర్వర్ సరిగా పనిచేస్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుందో దాతలకు కూడా తెలిసి ఉండటం మంచిదని మేము భావిస్తున్నాం. కంప్యూటర్ చదువు లేనివారికీ అర్థమయ్యేలా ఈ విషయాన్ని వివరించే ప్రయత్నం చేస్తున్నాం.

సర్వర్ అంటే రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే కంప్యూటర్. దానిలో కొన్ని ప్రోగ్రాములు మనకు కనబడకుండా ఎప్పుడూ పనిచేస్తూ ఉంటాయి. వెబ్‌సైటు పేజీలు అందించేది అపాచీ. దరఖాస్తుల వివరాలు, విరాళాల లెక్కలు భద్రపరిచేది మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్. రసీదులు ఈమెయిల్‌లో పంపేది పోస్ట్‌ఫిక్స్ లేదా ఎగ్జిమ్. వీటిని సర్వీసులు అంటారు. వీటన్నిటినీ ఒకే తెర మీద చూపించడానికి వెబ్‌మిన్, సీప్యానెల్, ప్లెస్క్ వంటి నిర్వహణ ప్యానెళ్లు ఉన్నాయి. ప్యానెల్‌ను బట్టి రంగులు, గుర్తులు మారవచ్చు గానీ, సాధారణంగా సర్వీసు పేరు పక్కన పచ్చ గుర్తు ఉంటే నడుస్తున్నట్టు, ఎర్ర గుర్తు ఉంటే ఆగిపోయినట్టు.

చిక్కల్లా ఆ గుర్తు తప్పు చెప్పినప్పుడే వస్తుంది.

రెండు రకాల తప్పు, రెండు రకాల నష్టం

మొదటిది అబద్ధపు పచ్చ. సర్వీసు పనిచేయడం లేదు, గుర్తు మాత్రం పచ్చగానే ఉంది. స్కాలర్‌షిప్ దరఖాస్తులకు ఆఖరి రోజు అనుకుందాం. ఊళ్లో ఇంటర్నెట్ సెంటర్ దగ్గర కూర్చున్న పిల్ల ఫారం నింపి పంపుతుంది, అది చేరదు. కార్యాలయంలో ప్యానెల్ చూసినవారు "సర్వర్ బాగానే ఉంది, మీ నెట్ బాగాలేదేమో" అని జవాబిస్తారు. గడువు దాటిపోతుంది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా ఆ పిల్లకు అన్యాయం జరిగింది.

రెండోది అబద్ధపు ఎరుపు. సర్వీసు చక్కగా నడుస్తోంది, గుర్తు ఎర్రగా ఉంది. చూసినవారు కంగారుపడి రీస్టార్ట్ నొక్కుతారు. కొన్ని ప్యానెళ్లయితే ఎవరూ నొక్కకుండానే తమంతట తాము రీస్టార్ట్ చేస్తాయి. ఆ క్షణాన ఒక దాత బ్యాంకు ఖాతాలోంచి సొమ్ము కట్ అయి, మన వైపు లెక్కలో నమోదవుతూ ఉండవచ్చు. మధ్యలో సర్వీసు ఆగితే సొమ్ము వెళ్లినట్టు బ్యాంకు సందేశం వస్తుంది, సంస్థ నుంచి రసీదు రాదు. తర్వాత లెక్క సరిపడినా, దాత మనసులో పడిన అనుమానం అంత తొందరగా పోదు.

గుర్తు వెనుక ఒక ప్రశ్న ఉంటుంది

ప్యానెల్‌కు కళ్లు లేవు. అది ఒక చిన్న ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును రంగుగా మార్చి చూపిస్తుంది. ఆ ప్రశ్న ఏమిటో తెలియకుండా రంగును నమ్మకూడదు.

కంప్యూటర్లకు సంబంధం లేకపోయినా ఒక పాత సంఘటన ఈ విషయాన్ని బాగా బోధిస్తుంది. 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. మూసుకోవలసిన ఒక వాల్వు తెరుచుకునే ఉండిపోయింది. కంట్రోల్ రూంలోని దీపం మాత్రం అది మూసుకుందనే అభిప్రాయం కలిగించింది. ఎందుకంటే ఆ దీపం వాల్వు స్థితిని చూపేది కాదు, మూసుకోమని ఆజ్ఞ వెళ్లిందా లేదా అన్నదే చూపేది. రెండు గంటలకు పైగా చల్లబరిచే నీరు కారిపోతూనే ఉంది, రియాక్టర్ లోపలి ఇంధనం చాలా భాగం కరిగిపోయింది. దీపం చెడిపోలేదు. తనను అడిగిన ప్రశ్నకు సరైన జవాబే ఇచ్చింది. చూసినవారు దాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా తీసుకున్నారు.

సర్వర్ ప్యానెళ్లు సాధారణంగా అడిగే ప్రశ్నలు నాలుగైదు ఉన్నాయి. ఒక్కొక్కటీ ఎక్కడ దెబ్బ తింటుందో చూద్దాం.

1. హాజరు పట్టీ చూడటం. సర్వీసు మొదలైనప్పుడు కంప్యూటర్ దానికి పీఐడీ అనే ఒక సంఖ్య ఇస్తుంది. చాలా సర్వీసులు ఆ సంఖ్యను ఒక చిన్న ఫైల్‌లో రాసి పెడతాయి. ప్యానెల్ ఆ ఫైల్ చదివి, ఆ సంఖ్యతో ఏదైనా ప్రోగ్రాము నడుస్తోందా అని చూస్తుంది. సర్వీసు మర్యాదగా ఆగితే వెళ్తూ వెళ్తూ ఆ ఫైల్‌ను చెరిపేస్తుంది. హఠాత్తుగా కూలిపోతే ఫైల్ అలాగే మిగిలిపోతుంది. ఇక ఫైల్ ఉందా లేదా అన్నంత వరకే చూసే ప్యానెల్ పచ్చ చూపిస్తుంది. బడిలో హాజరు పట్టీలో టిక్కు ఉండి, బెంచీ మీద పిల్లవాడు లేకపోవడం వంటిది ఇది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ సంఖ్యలకు ఒక పరిమితి ఉంటుంది. లైనక్స్‌లో చాలా కాలం అది 32,768గా ఉండేది. అక్కడికి చేరాక ఖాళీ అయిన సంఖ్యలను మళ్లీ కొత్త ప్రోగ్రాములకు ఇస్తారు. బడి మానేసిన పిల్లవాడి రోల్ నంబరు కొత్త పిల్లవాడికి ఇచ్చినట్టు. ప్యానెల్ ఆ నంబరు పిలిస్తే ఎవరో పలుకుతారు, మనం అడిగినవాడు కాదు.

2. పేరు పెట్టి పిలవడం. కొన్ని ప్యానెళ్లు నడుస్తున్న ప్రోగ్రాముల పేర్లలో వెతుకుతాయి. పేర్లు మాత్రం అన్ని చోట్లా ఒకటి కావు. అపాచీని డెబియన్, ఉబుంటు వ్యవస్థల్లో అపాచీ2 అంటారు, రెడ్‌హ్యాట్ కుటుంబంలో హెచ్‌టీటీపీడీ అంటారు. మైఎస్‌క్యూఎల్ స్థానంలో చాలా చోట్ల మరియాడీబీ వచ్చింది. దాని ప్రోగ్రాము పేరు పాత విడుదలల్లో మైఎస్‌క్యూఎల్‌డీ, 10.5 విడుదల నుంచి మరియాడీబీడీ. సర్వర్‌ను కొత్త విడుదలకు మార్చి, ప్యానెల్‌లో పాత పేరు అలాగే ఉంచితే డేటాబేస్ నడుస్తున్నా ఎర్ర గుర్తే కనబడుతుంది.

3. పెద్ద నిర్వాహకుడిని అడగడం. 2010లో సిస్టమ్‌డీ అనే వ్యవస్థ వచ్చింది. 2015 నాటికి ప్రధానమైన లైనక్స్ రకాల్లో ఎక్కువ భాగం దాన్ని స్వీకరించాయి. సర్వీసులను మొదలుపెట్టడం, ఆపడం, కనిపెట్టుకోవడం దాని పని. ఇప్పటి ప్యానెళ్లు చాలావరకు దాన్నే అడుగుతాయి. కాని అది తాను మొదలుపెట్టినవాటి లెక్కే చెప్పగలదు. ఎవరైనా చేత్తో నేరుగా డేటాబేస్‌ను మొదలుపెడితే, సిస్టమ్‌డీ లెక్కలో అది ఆగినట్టే ఉంటుంది. ప్యానెల్‌లో స్టార్ట్ నొక్కితే రెండో ప్రతి లేవబోయి, స్థలం ముందే నిండి ఉండటంతో విఫలమవుతుంది. ఎరుపు అలాగే ఉంటుంది. దీనికి తలకిందులైన సంగతి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ దగ్గర కనబడుతుంది. డెబియన్, ఉబుంటులలో ఆ పేరుతో ఉన్న ప్రధాన సర్వీసు నిజానికి ఒక పైతొడుగు మాత్రమే. అది తన చిన్న పని ముగించి "యాక్టివ్, ఎగ్జిటెడ్" అన్న స్థితిలో ఉండిపోతుంది. అసలు డేటాబేస్ వేరే పేరుతో దాని కింద నడుస్తుంది. అసలుది కూలిపోయినా పైతొడుగు యాక్టివ్ అనే చెబుతుంది, ప్యానెల్ పచ్చ చూపుతుంది.

4. తలుపు తట్టడం. ప్రతి సర్వీసూ పోర్టు అనే ఒక తలుపు దగ్గర ఎదురుచూస్తుంది. వెబ్‌సైటుకు 80, 443, మైఎస్‌క్యూఎల్‌కు 3306. ప్యానెల్ ఆ తలుపు తట్టి, తెరుచుకుంటే పచ్చ చూపుతుంది. ఇది పై మూడింటికన్నా మెరుగే. అయినా తలుపు తీసేది చాలాసార్లు ఆపరేటింగ్ సిస్టమ్, లోపల ఉన్న సర్వీసు కాదు. ఫోను మోగింది, ఎత్తినట్టు శబ్దమూ వచ్చింది, మాట మాత్రం లేదు. డిస్క్ నిండిపోయినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. మైఎస్‌క్యూఎల్ ఆగిపోదు, రాయడానికి చోటు దొరికిందా అని నిమిషానికోసారి చూస్తూ వేచి ఉంటుంది. ప్రోగ్రాము ఉంది, తలుపు తెరిచే ఉంది, కొత్త దరఖాస్తు ఒక్కటీ నమోదు కాదు.

5. లోపలి నుంచి చూసుకోవడం. ప్యానెల్ కూడా అదే సర్వర్‌లో ఉంటే, బయట ఫైర్‌వాల్ దారి మూసినా దానికి తెలియదు. ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంటుంది, వీధి గేటుకు తాళం. పెద్ద సంస్థలకూ ఈ ఇబ్బంది తప్పలేదు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ వారి ఎస్3 అనే నిల్వ సేవ ఉత్తర వర్జీనియా కేంద్రంలో కొన్ని గంటలు ఆగిపోయింది. ఎన్నో వెబ్‌సైట్లు స్తంభించాయి. అమెజాన్ స్థితిని తెలిపే పేజీలో మాత్రం దాదాపు రెండు గంటలపాటు పచ్చ గుర్తులే ఉన్నాయి. ఆ గుర్తులను మార్చే సాధనం కూడా ఎస్3 మీదే ఆధారపడి ఉందని ఆ సంస్థే తర్వాత వెల్లడించింది. పడిపోయినవాడిని నువ్వు పడ్డావా అని అడిగితే జవాబు ఎలా వస్తుంది?

సరిచూసే క్రమం

గుర్తుకూ వాస్తవానికీ పొంతన లేదనిపించినప్పుడు మొదట చేయవలసింది రీస్టార్ట్ కాదు. రీస్టార్ట్‌తో తాత్కాలికంగా సర్దుకోవచ్చు, కారణం తెలిపే ఆనవాళ్లు మాత్రం చెరిగిపోవచ్చు. ఈ వరుస పాటించాలి.

మొదటిది, సర్వీసును బయటి నుంచి వాడి చూడాలి. కార్యాలయం వైఫై కాకుండా మొబైల్ డేటాతో ఫారం తెరిచి, పరీక్ష కోసం ఒక దరఖాస్తు పంపి, అది డేటాబేస్‌లో చేరిందా అని చూడాలి. ఈమెయిల్ అయితే ఒక ఉత్తరం పంపి, చేరే వరకు ఆగాలి. ఉత్తరాల సర్వీసు నడుస్తూనే ఉండి, బయటికి వెళ్లే 25వ పోర్టును సర్వర్ అద్దెకిచ్చినవారు మూసి ఉంచితే, రసీదులన్నీ లోపలే పోగుపడతాయి.

రెండోది, ప్యానెల్ ఆ స్థితిని ఎప్పుడు చూసిందో గమనించాలి. కొన్ని ప్యానెళ్లు కొన్ని నిమిషాలకోసారి మాత్రమే చూస్తాయి. మన తెర మీద ఉన్నది పాత కబురు కావచ్చు.

మూడోది, ప్యానెల్‌ను పక్కనపెట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌నే అడగాలి. నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా, సిస్టమ్‌డీ చెప్పే స్థితి, తెరిచి ఉన్న పోర్టుల జాబితా, ఈ మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే జబ్బు ఉంది. సర్వీసు డాకర్ వంటి కంటైనర్‌లో నడుస్తుంటే బయటి సిస్టమ్‌డీ జాబితాలో అది కనబడకపోవచ్చు. అక్కడ కంటైనర్‌నే అడగాలి.

నాలుగోది, సర్వీసు రాసుకునే లాగ్ ఫైల్ చదవాలి, డిస్క్‌లో చోటు చూడాలి. కూలిపోయిన సమయం, కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతాయి.

ఐదోది, సర్వీసును బాగుచేయడంతో ఆగకుండా ప్యానెల్ అడిగే ప్రశ్నను కూడా బాగుచేయాలి. పీఐడీ ఫైల్ దారి, సర్వీసు పేరు ప్యానెల్ సెట్టింగుల్లో ఉంటాయి. వెబ్‌మిన్‌లో ఆయా సర్వీసు మాడ్యూల్ కాన్ఫిగరేషన్‌లోనే వాటిని మార్చవచ్చు. చేత్తో మొదలుపెట్టిన ప్రతిని రద్దీ లేని వేళ ఆపి, సిస్టమ్‌డీ ద్వారానే మొదలుపెట్టాలి.

ఆరోది, దిద్దిన తర్వాత ఎవరూ వాడని వేళ సర్వీసును కావాలనే ఆపి, గుర్తు ఎర్రబడుతోందా అని చూడాలి. ఎప్పుడూ ఎర్రబడని గుర్తు వల్ల ఉపయోగం లేదు. ఈ పరీక్ష చాలామంది చేయరు.

"తెలియదు" అనే జవాబుకు చోటు

1999లో మొదలై తర్వాత నాగియోస్ పేరుతో ప్రసిద్ధమైన ఒక పర్యవేక్షణ సాధనంలో మాకు నచ్చిన విషయం ఒకటుంది. అందులో సర్వీసు స్థితులు నాలుగు: బాగుంది, హెచ్చరిక, ప్రమాదం, తెలియదు. పరీక్షే సరిగా జరగనప్పుడు అది పచ్చ అనీ అనదు, ఎరుపు అనీ అనదు, తెలియదని చెబుతుంది. పరీక్షలో జవాబు రాయని పిల్లవాడికి సున్నా వేయడం వేరు, పరీక్షకు రాని పిల్లవాడికి గైర్హాజరు వేయడం వేరు. రెంటినీ ఒకే గడిలో రాసే పట్టిక తప్పుదారి పట్టిస్తుంది.

దాతలు అడగదగిన ప్రశ్నలు

సంస్థల సమావేశాల్లో ఖర్చు పద్దుల దగ్గర సర్వర్ అద్దె అన్న వరుస వచ్చినప్పుడు సాంకేతిక పదాలేవీ లేకుండానే నాలుగు ప్రశ్నలు అడగవచ్చు. మన వెబ్‌సైటు పనిచేస్తోందని ఎలా తెలుసుకుంటున్నారు? ఆ పరీక్ష సర్వర్ లోపలి నుంచా, బయటి నుంచా? ఒక దరఖాస్తు, ఒక చిన్న విరాళం మొదటి నుంచి రసీదు దాకా వెళ్లిందని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? ఆగిపోయినప్పుడు కబురు ఎవరికి, ఏ దారిలో అందుతుంది? ఆ కబురు ఆగిపోయిన సర్వర్ నుంచే రావలసి ఉంటే అది రాదు.

వీటిలో చాలా వాటికి కొత్త ఖర్చు అవసరం లేదు. నెలకోసారి ఒకరు ఫోనులో ఫారం తెరిచి, ఒక పరీక్ష దరఖాస్తు పంపి, ఫలితాన్ని తేదీతో సహా పుస్తకంలో రాస్తే చాలు. దరఖాస్తుల ఆఖరి వారంలో మాత్రం అది రోజూ జరగాలి. గడువు ముగిసే రోజు సాయంత్రం ఎవరైనా ఫారం వెళ్లడం లేదని ఫోను చేస్తే, ప్యానెల్ చూసి జవాబు చెప్పకండి. మీరే ఆ ఫారం తెరిచి, నింపి, పంపి చూసి అప్పుడు చెప్పండి.