హక్కు చేతులు మారింది, బాధ్యత మాటేమిటి?

బిల్డర్ తప్పుకుంటే ఇల్లు ఎవరు కట్టాలి? గ్రేటర్ నోయిడా అనుభవం చెప్పే జవాబు

గ్రేటర్ నోయిడాలో ఫ్లాటు కొన్నవారికి తాళం చెవి కంటే ముందు దక్కేది కాగితాల కట్ట. భూమి అథారిటీది. బిల్డర్ దాన్ని 90 ఏళ్ల లీజుకు తీసుకుంటారు. కొనుగోలుదారు బిల్డర్‌తో ఒక ఒప్పందం, అప్పిచ్చే బ్యాంకుతో మరో ఒప్పందం చేసుకుంటారు. ఇన్ని సంతకాల మధ్య నుంచి ఒకరు తప్పుకుంటే ఏమవుతుందో అక్కడ వేలాది కుటుంబాలకు అనుభవంలోకి వచ్చింది.

తెలుగు ఊళ్లలో ప్రామిసరీ నోటును మేడోవరు చేయడం తెలిసిందే. బాకీ వసూలు చేసుకునే హక్కు నోటుతోపాటు మరొకరికి వెళ్తుంది. అందుకు బాకీదారు అనుమతి అక్కర్లేదు. కానీ బాకీదారు మాత్రం 'ఇకపై ఫలానా ఆయన్ని అడగండి' అని తప్పుకోలేడు. చట్టం సారాంశమూ అదే. ఒప్పందం నిషేధిస్తే తప్ప, వ్యక్తిగత నైపుణ్యంతో ముడిపడితే తప్ప హక్కులను బదలాయించవచ్చు. బాధ్యతను బదలాయించాలంటే మాత్రం అవతలి పక్షం ఒప్పుకోవాలి. అప్పుడది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 62వ సెక్షన్ కింద కొత్త ఒప్పందమవుతుంది. ఖర్దా కంపెనీ కేసులో 1962లో సుప్రీంకోర్టు ఈ తేడానే స్పష్టం చేసింది.

ఈ సూత్రానికి అసాధారణ పరీక్ష ఆమ్రపాలి గ్రూపు వ్యవహారం. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో 42,000 మందికి పైగా కొనుగోలుదారులు ఇళ్ల కోసం ఎదురుచూస్తుండగా వారు కట్టిన డబ్బు దారి మళ్లింది. 2019 జులై 23న జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం గ్రూపు రెరా రిజిస్ట్రేషన్‌ను, భూముల లీజులను రద్దు చేసింది. లీజు హక్కులు కోర్టు రిసీవర్, సీనియర్ న్యాయవాది ఆర్. వెంకటరమణికి దఖలుపడ్డాయి. నిర్మాణం పని 8 శాతం కమిషన్‌పై ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌బీసీసీకి వెళ్లింది. కొనుగోలుదారులు మిగిలిన సొమ్మును కోర్టు చెప్పిన ఖాతాలో జమచేయాలి. అథారిటీలు, బ్యాంకులు తమ బకాయిలను ఆ ఇళ్ల నుంచి కాకుండా గ్రూపు ఇతర ఆస్తుల నుంచి రాబట్టుకోవాలి. అంటే హక్కు ఒకరికి, పని మరొకరికి, అప్పు పాత యజమానికి. కోర్టు పూనుకోకపోతే ఇలాంటి విభజన సాధ్యమయ్యేది కాదు.

వ్యవహారం అంతదూరం వెళ్లకుండా 2016 నాటి రెరా చట్టంలోని 15వ సెక్షన్ కొంత రక్షణ కల్పిస్తోంది. ప్రాజెక్టులో మెజారిటీ హక్కులు, బాధ్యతలను బిల్డర్ ఇంకొకరికి అప్పగించాలంటే మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల లిఖితపూర్వక సమ్మతి, రెరా అథారిటీ అనుమతి ముందే తీసుకోవాలి. ఒక కుటుంబానికి ఎన్ని ఫ్లాట్లున్నా లెక్కకు ఒక్కరే. కొత్తగా వచ్చిన బిల్డర్ పాత ఒప్పందాలన్నిటికీ కట్టుబడాలి. చేతులు మారాయన్న సాకుతో గడువు పెంచుకోవడానికి వీల్లేదు.

మరి కొనుగోలుదారే మారితే? నిర్మాణం పూర్తికాక ముందే ఫ్లాటును ఇంకొకరికి అమ్మడం అక్కడ మామూలే. ఆలస్యం సంగతి తెలిసే కొన్నారు కాబట్టి రెండో కొనుగోలుదారుకు వడ్డీ అడిగే హక్కు లేదని బిల్డర్లు వాదించేవారు. నోయిడాలోని ఒక ప్రాజెక్టుకు సంబంధించిన లారియేట్ బిల్డ్‌వెల్ కేసులో 2021 జులై 22న సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. రెండో కొనుగోలుదారు మొదటివారి స్థానంలోకి వచ్చినట్టేనని పేర్కొంది. కాకపోతే వడ్డీ లెక్క బదిలీ సంగతి బిల్డర్‌కు తెలిసిన రోజు నుంచే మొదలవుతుంది.

కాబట్టి చేతులు మారే ఫ్లాటు కొనేవారికి ధర ఎంత ముఖ్యమో, బదిలీని ఆమోదిస్తూ బిల్డర్ ఇచ్చే తేదీ వేసిన కాగితమూ అంతే ముఖ్యం.